గరాజ్ కబుర్లు: బోల్టు బిగిస్తే బార్ గట్టిపడదు

మా మిషిగన్‌లో మంచు కరిగి, రోడ్ల మీద చల్లిన ఉప్పు రెండు వానలకి కొట్టుకుపోయాకే పాత కార్లకి మోక్షం. ఆర్నెల్లు కవరు కింద పడుకున్న బండిని బయటికి తీస్తాం, మొదటి మలుపులోనే ఏదో తేడా కనిపిస్తుంది, శీర్షికకి ఉత్తరం రాస్తాం. ఈసారి వచ్చినవాటిలో సగానికి పైగా క్రైస్లర్ వాళ్ళ కార్ల టోర్షన్ బార్ల (ముందు చక్రాలకి స్ప్రింగుల్లా పనిచేసే ఉక్కు కడ్డీల) గురించే. అందుకని ఈ నెల కార్బ్యురేటర్లవాళ్ళు నన్ను క్షమించాలి.

ప్రశ్న: మాది ఒహాయోలో టొలీడో. 1970 డాడ్జ్ చాలెంజర్ ఉంది, 383 (క్యూబిక్ అంగుళాల) ఇంజిన్, పవర్ స్టీరింగ్. బ్రేక్ వేస్తే ముక్కు నేలకి తగులుతుందేమో అన్నంతగా వంగుతుంది. ఇంటర్‌స్టేట్ మీద 70 మైళ్ళ వేగంలో ఎత్తుపల్లాలొస్తే పడవలా ఊగుతుంది. బార్ని కాలిపర్‌తో కొలిస్తే 0.88 అంగుళాలు వచ్చింది. అడ్జస్టింగ్ బోల్టు నాలుగు చుట్లు బిగిస్తే గట్టిపడుతుందని ఒక ఫ్రెండు అంటున్నాడు. పార్టులమ్మే ఆయనేమో 1.12 వేసుకోమంటున్నాడు. రేసులూ అవీ లేవు. శని ఆదివారాలు మా ఆవిడనీ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని తిరగడానికే ఈ కారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ ఫ్రెండు సంగతి చూద్దాం. ఆయన చెప్పింది నేను ఒకప్పుడు చేసి, చేతులు కాల్చుకున్నదే.

నా 1971 ప్లిమత్ శాటిలైట్ కొన్న కొత్తల్లో దానికీ ఇదే జబ్బు. నాకూ ఎవరో ఇదే మందు చెప్పారు. పానా పెట్టి రెండు పక్కలా బోల్టులు బిగించాను. ముక్కు రెండంగుళాలు పైకి లేచింది. చూడ్డానికి మొరాయించిన ఎద్దు తల ఎత్తినట్టుంది. నడిపితే ప్రతి గుంతలోనూ ‘టక్కు’మని చప్పుడు, స్టీరింగ్‌లో అదురు. అబ్బ, ఎంత గట్టిపడిందో అనుకుని వేసవంతా సంతోషంగా తిరిగాను. సెప్టెంబరుకల్లా ముందు టైర్ల బయటి అంచులు నున్నగా అరిగిపోయాయి. కొత్త టైర్లకి డబ్బులు కట్టిన రోజున కూర్చుని సర్వీస్ మాన్యువల్ చదివాను. అదేదో ముందే చదివితే సరిపోయేది.

జరిగిందేమిటంటే, బార్ ఒక్క పిసరు కూడా గట్టిపడలేదు. ముక్కు లేచిపోవడంతో చక్రం కిందికి జారడానికి ఉండాల్సిన జాగా తగ్గిపోయింది. గుంత వచ్చినప్పుడల్లా పై ఆర్మ్ (చక్రాన్ని పై నుంచి పట్టుకునే చెయ్యి) వెళ్ళి తన రబ్బరు దిమ్మని గుద్దుకుంటోంది. ఆ దెబ్బనే నేను గట్టిదనం అనుకున్నాను. ఎత్తు మారడంతో క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం), టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) రెండూ తప్పి టైర్లని తినేశాయి.

తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండడం చూసే ఉంటారు. టోర్షన్ బార్ పని అదే. వెనక కొసని గేర్‌బాక్స్ దగ్గరుండే క్రాస్‌మెంబర్ కదలకుండా పట్టుకుంటుంది. ముందు కొస లోయర్ కంట్రోల్ ఆర్మ్‌లో (చక్రాన్ని కింద నుంచి పట్టుకునే చేతిలో) ఉంటుంది. చక్రం పైకి లేచినప్పుడల్లా ఆర్మ్ బార్ని మెలిపెడుతుంది, బార్ ఎదురు తన్నుతుంది. క్రైస్లర్ 1957 మోడళ్ళతో దీన్ని టోర్షన్-ఎయిర్ అన్న పేరు పెట్టి అన్ని కార్లలోకీ తెచ్చింది. పేరులో ఎయిర్ ఉంది గానీ అందులో గాలీ లేదు, ధూళీ లేదు, ఉన్నదంతా ఉక్కే. దుప్పటి పిండడానికి ఎంత బలం కావాలన్నది దాని మందం, పొడవు చెబుతాయి. పిండడం మొదలుపెట్టే ముందు మీరు చేతులు ఏ కోణంలో పెట్టుకున్నారన్నదానికి దాంతో సంబంధం లేదు. అడ్జస్టింగ్ బోల్టు మార్చేది ఆ కోణాన్నే. కారు ఎత్తు సరిచేసుకోడానికి అంతకన్నా సుఖమైన ఏర్పాటు ఇంకోటి లేదు. అంతకుమించి దాన్ని ఏమీ అడక్కండి.

ఇక పార్టులాయన 1.12. ఇక్కడ అంకెలు మనిషిని మోసం చేస్తాయి. 0.88కీ 1.12కీ తేడా అంగుళంలో పావు వంతు కూడా లేదు కదా, ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ బార్ గట్టిదనం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే మందాన్ని నాలుగుసార్లు రాసి, ఒకదానితో ఒకటి హెచ్చవేయాలి. మీ చాలెంజర్ బార్ పొడవు 41 అంగుళాలు. ఆ పొడవుకీ కంట్రోల్ ఆర్మ్ కొలతకీ లెక్క కడితే, 0.88 బార్‌తో చక్రం ఒక అంగుళం లేవాలంటే దాదాపు 100 పౌండ్ల బరువు పడాలి. హెమీ అనే పెద్ద ఇంజిన్ ఉన్న కార్లకి కంపెనీ వేసిన 0.92 అయితే సుమారు 120. 1.00 అయితే 165. 1.03 అయితే 185. మీకు చెప్పిన 1.12 అయితే 260. మూడు మిల్లీమీటర్లు లావెక్కితే మూడింట రెండొంతులు గట్టిపడుతుంది, ఆరు మిల్లీమీటర్లకి రెండున్నర రెట్లు దాటిపోతుంది. పిల్లలు వెనక సీట్లో కూర్చునే కారుకి 260 పౌండ్లా? మీ ఆవిడ రెండోసారి ఎక్కరు.

1.12 చెడ్డదని నేననను. కోన్‌ల మధ్య తిరిగే ఆటోక్రాస్‌వాళ్ళకీ, వెడల్పు టైర్లేసి ట్రాక్ మీదికి పోయేవాళ్ళకీ అది సరిపోతుంది. వాళ్ళు దానికి తగ్గ షాకులు (ఊపుని ఆపే షాక్ అబ్జార్బర్లు) వేస్తారు, బాడీ కింద ముందు వెనక ఫ్రేములని కలుపుతూ కనెక్టర్లు వెల్డింగ్ చేస్తారు. మీది యూనిబాడీ. విడిగా ఛాసీ లేదు. బార్ మరీ బిర్రుగా ఉండి బాడీ మెత్తగా ఉంటే, వంగాల్సిన బార్ వంగదు, వంగకూడని బాడీ వంగుతుంది.

నన్నడిగితే మీకు 1.00. ఏళ్ళ తరబడి నా శాటిలైట్‌కి వాడుతున్నది అదే. దానిది మీకన్నా తేలికైన 318 ఇంజిన్, అయినా నడుము నొప్పి రాలేదు. మీ 383 ముక్కు మీద ఇంకో వంద పౌండ్ల దాకా బరువు ఎక్కువ కాబట్టి మీకు ఇంకా బాగా కుదురుతుంది. మలుపుల సరదా కాస్త ఎక్కువుంటే 1.03 దాకా వెళ్ళండి, ఆపైన వద్దు.

అయితే ఆర్డరు పెట్టేముందు ఒక శనివారం కారు కింద దూరండి. మీరు చెప్పిన పడవ ఊపు పూర్తిగా బార్ తప్పని నాకనిపించడం లేదు. ముందు రెక్క మీద బలంగా నొక్కి వదలండి. ఒకసారి లేచి ఆగిపోవాలి. ఇంకా ఊగుతుంటే షాకులు పోయాయి. బ్రేక్ వేసినప్పుడు చక్రం వెనక్కి జరగకుండా ఆపేది స్ట్రట్ రాడ్. దాని రబ్బరు బుష్‌లు నలిగిపోతే బ్రేక్ కొట్టగానే కారు ఒక పక్కకి లాగుతుంది, స్టీరింగ్ పిచ్చిగా ఉంటుంది. లోయర్ కంట్రోల్ ఆర్మ్ పివట్ బుష్ కూడా చూడండి. యాభై ఏళ్ళ రబ్బరు మీద కొత్త బార్ వేయడమంటే చెదలు పట్టిన దూలానికి కొత్త పెంకులు కప్పడమే.

అన్నిటికన్నా ముఖ్యం, బార్ వెనక కొస దూరే క్రాస్‌మెంబర్. మీదీ మాలాగే ఉప్పు రాష్ట్రం. ఆ గూడు చుట్టూ సుత్తి పిడితో తట్టి చూడండి. ఖంగుమనకుండా డొక్కు చప్పుడొచ్చినా, తుప్పు పెచ్చులు రాలినా బార్ల మాట అక్కడే ఆపేయండి. ముందు వెల్డరు, తర్వాతే బార్లు. కారు ముందుభాగం బరువంతా మెలి రూపంలో మోసేది ఆ గూడే.

ఇప్పడం పెద్ద బ్రహ్మవిద్య కాదు గానీ క్రమం తప్పకూడదు. ఫ్రేము కింద స్టాండ్లు పెట్టి చక్రాలు వేలాడనివ్వాలి. పై ఆర్మ్ కింది రబ్బరు దిమ్మ తీసేయాలి. అప్పుడు బోల్టు వదులుచేసి మెలి పూర్తిగా దించాలి. మెలి ఉండగా ఏదీ ఊడదీయకండి. ఆ బలం మీ ముంజేతిని లెక్కచేయదు. వెనక లాక్ రింగు తీశాక బార్ వెనక్కి జారాలి. సాధారణంగా జారదు. అప్పుడు పైపు రెంచి పెట్టి తిప్పాలనిపిస్తుంది, గ్యాస్ మంటతో వేడి చేయాలనిపిస్తుంది. రెండూ వద్దు. పళ్ళున్న రెంచి ఒక్క గాటు పెట్టిందంటే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది, ఏదో ఒకరోజు ఫ్రీవేలో విరుగుతుంది. వేడి చేస్తే ఉక్కు పదును పోతుంది. బార్‌కి గాయం కాకుండా పట్టుకునే క్లాంపు దొరుకుతుంది, దాని మీద సుత్తితో కొట్టండి. కొత్తది ఎక్కించేటప్పుడు గూళ్ళలో గ్రీజు నింపండి, వెనక రబ్బరు సీల్ మర్చిపోకండి. పివట్ నట్టుని ఆఖరి బిగింపు కారు తన చక్రాల మీద నిలబడ్డాకే వేయాలి. గాల్లో ఉండగా బిగిస్తే బుష్ మెలిపడి పోయి ఏడాదికే చిరుగుతుంది.

బార్లతోపాటు షాకులు మార్చక తప్పదు. గట్టి బార్ వెనక్కి తన్నే తన్ను పాత షాకులు ఆపలేవు. తర్వాత అలైన్‌మెంట్. షాపువాళ్ళ కంప్యూటర్ 1970 నాటి కంపెనీ అంకెలు చూపిస్తుంది. అవి ఆనాటి బయాస్ ప్లై టైర్లకి రాసినవి. మీవి రేడియల్ టైర్లు కాబట్టి కాగితం మీద రాసి ఇవ్వండి: క్యాంబర్ మైనస్ అర డిగ్రీ, టో-ఇన్ అంగుళంలో ఎనిమిదో వంతు, క్యాస్టర్ (స్టీరింగ్‌తో చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) ప్లస్ వైపు ఎంత వస్తే అంత. పై ఆర్మ్‌కి ఆఫ్‌సెట్ బుష్‌లు వేయిస్తే మూడు డిగ్రీల దాకా రావచ్చు. పవర్ స్టీరింగ్ వేలితో తిరుగుతోందని చాలామంది అనుకునే కార్లలో సగం జబ్బు ఈ క్యాస్టర్ లేకపోవడమే.

ప్రశ్న: మా మామగారి 1968 డాడ్జ్ డార్ట్‌ని నేనే బాగుచేస్తున్నాను. బార్లు రెండూ తీసి, రంగు గీకి, తుడిచి పక్కన పెట్టాను. ఏది ఎడమదో ఏది కుడిదో గుర్తుపెట్టుకోలేదు. రెండూ ఒకేలా ఉన్నాయి. ఎటు వేసినా ఒకటేనా? (న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఒకటి కాదండీ. తయారు చేసేటప్పుడే ఒక్కో బార్నీ అది పనిచేయబోయే దిక్కుకే బలంగా మెలిపెట్టి సిద్ధం చేస్తారు. ఆ దిక్కుకి అది అలవాటు పడుతుంది. అవతలి పక్కన వేస్తే రోజూ వ్యతిరేక దిక్కులో మెలిపడి కూలబడుతుంది, విరిగినా ఆశ్చర్యం లేదు. రెండు కొసల్లోని ఆరుపలకల భాగాలు కూడా పక్కని బట్టి వేరే కోణంలో ఉంటాయి.

కొస ముఖం మీద వైర్ బ్రష్‌తో తోమి, టార్చి వేసి చూడండి. ఆంగ్లంలో ఆర్ ఉంటే కుడి, ఎల్ ఉంటే ఎడమ. అక్షరం లేకుండా పార్ట్ నంబరే ఉంటే, సరిసంఖ్య కుడిది, బేసిసంఖ్య ఎడమది. కుడి ఎడమలు డ్రైవర్ సీట్లో కూర్చుని చూసుకునేవి, బానెట్ ముందు నిలబడి కాదు. మా స్నేహితుల్లో ఒక మహానుభావుడు ఇలాగే ఎదురుగా నిలబడి రెండూ తారుమారు చేశాడు. రెండోసారి ఇప్పేటప్పుడు ఆయన తిట్టిన తిట్లు ఈ పత్రికలో అచ్చువేయరు.

రంగు గీకారు అన్నారు. దేంతో గీకారో రాయలేదు. వైర్ బ్రష్ అయితే ఫరవాలేదు. గ్రైండర్ అయితే బార్ పొడవునా గోరుతో తడిమి చూడండి. అడ్డంగా గీత తగిలినా, తుప్పు గుంట లోతుగా ఉన్నా ఆ బార్ని గోడకి అలంకరణగా తగిలించండి. బాగుంటే వెంటనే రంగు వేసేయండి. నంబరు ఎంతకీ కనపడకపోతే మాత్రం ఊహించి బిగించకండి, కొత్త జత కొనండి.

ప్రశ్న: అంకుల్, నాది 1973 ప్లిమత్ డస్టర్, స్లాంట్ సిక్స్ (ఆరు సిలిండర్ల ఇంజిన్). స్టూడెంట్‌ని, బడ్జెట్ తక్కువ. జంక్‌యార్డులో 1980ల నాటి క్రైస్లర్ ఫిఫ్త్ అవెన్యూ ఉంది, దానికీ టోర్షన్ బార్లే. ఇంకో ఫ్రెండు తన రోడ్ రన్నర్ పాత బార్లు ఊరికే ఇస్తానంటున్నాడు. ఏవి పనికొస్తాయి? (టెక్సస్)

జవాబు: రెండూ పనికిరావు, బాబూ. ఫిఫ్త్ అవెన్యూ బార్లు కారు పొడవునా ఉండవు, ముందు అడ్డంగా వంకరలు తిరిగి ఉంటాయి. 1976లో వచ్చిన వొలారే, ఆస్పెన్‌లతో మొదలైన పద్ధతి అది. రోడ్ రన్నర్‌వి నిలువుగానే ఉంటాయి గానీ 41 అంగుళాలు. నీ డస్టర్‌కి కావలసినవి 35.8. ఐదంగుళాలు కోసేద్దామన్న ఆలోచన వస్తే కాసేపు నిద్రపో.

నీకు కావలసింది వి-8 ఉన్న డార్ట్, డస్టర్, వేలియంట్‌ల బార్లు. పొడవు అదే, మందం కాస్త ఎక్కువ. జులైలో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో జరిగే క్రైస్లర్ మేళాకి టెక్సస్ నుంచి వెళ్ళలేవు కానీ, వెళ్ళే క్లబ్బువాళ్ళని పట్టుకో. కొసల మీద నంబర్లు ఫొటో తీసి పంపమను, గాట్లు లేవని చూడమను. ఇంకోటి, వయసు అడక్కుండానే అంకుల్ అనేశావు. ఈసారికి వదిలేస్తున్నాను.

ప్రశ్న: జార్జియాలో ఉంటాను. 1969 డార్ట్, 340 ఇంజిన్, 0.87 బార్లు. నెలకి రెండుసార్లు క్వార్టర్ మైలు స్ట్రిప్‌కి వెళ్తాను. ఆరు సిలిండర్ల కారు సన్న బార్లు వేస్తే లాంచ్ (నిలబడ్డ చోటు నుంచి బయల్దేరే దూకుడు) బాగుంటుందంటున్నారు. మీరు అందరికీ లావువి చెబుతుంటారు కదా, ఇదేమిటి?

జవాబు: వాళ్ళు చెప్పింది నిజమే. డ్రాగ్ రేసువాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పని. అదే బరువు మోయడానికి సన్న బార్ ఎక్కువ మెలిపడాలి, అంటే ఎక్కువ శక్తి లోపల దాచుకుంటుంది. యాక్సిలరేటర్ తొక్కగానే ఆ శక్తితో ముక్కు గబుక్కున లేస్తుంది, బరువు వెనక టైర్ల మీద పడుతుంది, టైర్లు పట్టు దొరకబుచ్చుకుంటాయి. 0.87 నుంచి 0.83కి దిగితే దాదాపు 17 శాతం మెత్తబడుతుంది. పైకి తేలిగ్గా సాగి కిందికి మెల్లగా దిగే డ్రాగ్ షాకులు తోడైతే ఆ తేడా బాగా తెలుస్తుంది.

కానీ స్ట్రిప్ చివర బ్రేక్ కొట్టాలి కదా. ఆ మెత్తటి ముక్కు అప్పుడు దిగబడుతుంది, వెనక చక్రాలు తేలిపోయి తోక అటూ ఇటూ ఊగుతుంది. ట్రెయిలర్ మీద తీసుకెళ్ళే కారైతే సన్నవి వేసుకోండి. అదే కారులో సోమవారం ఆఫీసుకి వెళ్ళేట్టయితే 0.87నే ఉంచి, షాకులు ఒక్కటే మార్చి చూడండి. బార్ల కన్నా షాకులు మార్చడం ఎంతో తేలిక, నచ్చకపోతే పాతవి మళ్ళీ బిగించుకోవచ్చు.

ప్రశ్న: మీ మాట వినకుండా 1.12 బార్లే వేశాను, కారు కూడా కిందికి దించాను. బాగానే నడుస్తోంది. నిన్న ఆయిల్ మార్చడానికి లిఫ్ట్ ఎక్కిస్తే అడ్జస్టింగ్ బోల్టు చేత్తో కదులుతోంది. విరిగిందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: విరగలేదు, కుదుటపడండి. మీ ముందు చక్రం మీద సుమారు 900 పౌండ్లు కూర్చుని ఉంటుందనుకోండి. 0.88 బార్ ఆ బరువు మోయడానికి తొమ్మిదంగుళాల మేర మెలిపడాలి. మీ 1.12కి మూడున్నర చాలు. లిఫ్ట్ ఎక్కించగానే చక్రం అంతకన్నా ఎక్కువ కిందికి జారింది, బార్‌లో మెలి మొత్తం అయిపోయింది, బోల్టు మీద ఒత్తిడి లేదు. కిందికి దించగానే మళ్ళీ బిర్రుగా అవుతుంది.

బోల్టుకీ ఆర్మ్‌కీ కలిపి రంగుతో ఒక గీత గీయండి. రైల్వే ట్రాక్ మీదో పెద్ద గుంత మీదో చక్రం పూర్తిగా జారినప్పుడు బోల్టు తనంతట తాను తిరుగుతోందేమో ఆ గీత చెబుతుంది. కొత్త బార్లు మొదట్లో కొంచెం కూర్చుంటాయి కూడా. రెండు మూడు వందల మైళ్ళు తిరిగాక, ట్యాంకు నింపి, టైర్లలో గాలి సరిచూసి, చదునైన నేల మీద బండిని నాలుగుసార్లు ఊపి వదిలి రెండు పక్కలా ఎత్తు కొలవండి. ఒక పక్క ఎక్కువగా ఉంటే నేరుగా అక్కడికే దించకండి. ఇంకాస్త కిందికి దించి, అక్కడి నుంచి పైకి బిగిస్తూ కొలతకి రండి. ఆ తర్వాతే అలైన్‌మెంట్‌కి తీసుకెళ్ళండి.